గుర్రం మీది నుంచి పడేవాళ్ల మాటలు

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదని మా ఇంట్లో వాళ్లంటారు. కానీ సీడీ ప్లేయర్ మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, దాన్ని కొత్త అల్లుడిలా చూసుకున్న కాలం నాది. ఆ మాత్రం అర్హత చాలనుకుంటాను.

నిర్మల్‌లో మా సందు చివర పాత మిషన్ కాంపౌండ్ ఉండేది. మా తాతయ్య పెరిగింది అందులోనే. ఆయన కుర్రతనంలో అక్కడి దొరలు రెండు గుంజల మధ్య తెల్ల దుప్పటి కట్టి కౌబాయ్ సినిమాలు వేసేవారట. పెద్ద టోపీ, తెల్ల గుర్రం, భుజాన గిటారు, కాస్త తీరిక దొరికితే పాట. సినిమా ఇంగ్లీషులో, చూసేవాళ్లు తెలుగులో. అందుకని దుప్పటి పక్కన నిలబడి కథ చెప్పే పని తాతయ్యకు అప్పగించారు. ఆయనకూ ఇంగ్లీషు రాదు, గొంతు మాత్రం పెద్దది.

ఆయన చెప్పగా చెప్పగా, మా చర్చి సంఘంలో సగం మంది ఆ హీరోను ఊరూరా తిరిగే పాస్టరు అనుకున్నారు. గుర్రం మీద వస్తాడు, పాట అందుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు టోపీలు తీస్తారు. ఇంకేమనుకోవాలి? పాట దగ్గర తాతయ్య కూడా గొంతెత్తి ఏదో కీర్తన పాడేవాడట. ముసలివాళ్లు ఆమెన్ అనేవారట.

మా కాలానికి ఆ సినిమాలు సీడీల్లోకి వచ్చాయి. ఆదివారం చర్చి అయ్యాక సందులోని పిల్లలందరం మా ముందు గదిలో చేరేవాళ్లం. తాతయ్య టీవీ శబ్దం ఆపేసి, పక్కన నిలబడి తన పాత ఉద్యోగంలో చేరిపోయేవాడు. ఆయన కథలో గుర్రానికి కూడా మాటలుండేవి. "పొద్దటికెల్లి ఉరుకుతున్న, జర గడ్డన్న ఎయ్యరాదు బిడ్డా" అని అది హీరోను బతిమాలేది. గడప మీద చింతపండు గింజలు తీస్తూ మా నాయనమ్మ మాత్రం, "గన్ని ఆవులున్నయ్, ఒక్క పెండకడి కనవడదు. వీడు చేసేది గొడ్ల పనేనా?" అనేది.

నిజమే. ఎంత స్వారీ చేసినా ఆ హీరో చొక్కా మీద దుమ్ము వాలదు. తాతయ్య లేనప్పుడు శబ్దం పెట్టుకుంటే, ఎడారి మధ్యలో అతను గిటారు మీటగానే కొండల వెనక నుంచి వయొలిన్లు మోగేవి. ఆ వయొలిన్ల వాళ్లకు అక్కడ అన్నం ఎవరు పెడతారో తెలియదు. అయినా ఆ సినిమాల్లో ఏదో ఉండేది. ఎంత పెద్ద కష్టమైనా సాయంత్రానికి సర్దుకుంటుందని, ఒక మనిషి గుర్రం దిగకుండానే మమ్మల్ని నమ్మించేవాడు.

సినిమా అయ్యాక సందులో అదే ఆట. పెద్ద అన్నలందరూ హీరోలు, వాళ్ల చేతుల్లో బట్టలారేసే తాళ్లు. నేను గుర్రాన్ని. ఇక పక్కింటి అక్క. ఉట్నూర్ అవతలి గోండు పల్లె నుంచి వచ్చి, చిన్నమ్మ ఇంట్లో ఉండి ఏడో తరగతి చదువుతోంది. రోజూ నాకు జడలు వేసేది ఆమే. ఆటలో ఆమెకు ఎప్పుడూ ఒకటే వేషం: సినిమాలో గుట్ట మీది నుంచి గుర్రాల మీద అరుస్తూ వచ్చి, హీరో తుపాకీ ఠాం అనగానే పడిపోయే అడవి మనిషి. ఆ వేషం ఆమెకే ఎందుకని ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదని అందరూ అనుకోవడమే అసలు గొడవ.

కొన్నాళ్లకు ఆ ఠాం బడికి కూడా చేరింది. అక్క వరండాలో నడుస్తుంటే ఎవడో ఒకడు వేలు గురిపెట్టి ఠాం అనడం, ఆమె పడుతుందని మిగతావాళ్లు ఎదురుచూడడం. ఒక ఆదివారం పొద్దున జడ అల్లుతూ మెల్లగా చెప్పింది. "ఇయ్యాల మా బాపు జీపు తెస్తడు. వోత. మల్ల రాను. గీ బడి నాకొద్దు."

నేను ఏడుస్తూ తాతయ్య దగ్గరికి పరిగెత్తాను. గుర్రం ఏడుస్తోందని అన్నలు నవ్వారు. తాతయ్య నవ్వలేదు. అంతా విని నాయనమ్మతో అన్నాడు: "గుర్రానికి సుత మాటలిచ్చిన. గుట్ట మీదికెల్లి వచ్చేటోళ్లకు మాత్రం 'అగో, పడ్డడు' అనుడు తప్ప ఇంకో మాట ఇయ్యలే."

మధ్యాహ్నం అక్క చెప్పి వెళ్దామని వచ్చింది. గది నిండా పిల్లలున్నారు. "జర కూసో బిడ్డా," అన్నాడు తాతయ్య. "హీరో మాటలు నేను జెప్త. గుట్ట మీద గాయన వస్తడు సూడు, ఆయన మాటలు నువ్వు జెప్పు. మీ గోండిలనే జెప్పు."

అక్క తల అడ్డంగా ఊపింది. టీవీలో గుట్ట మీదికి గుర్రం వచ్చింది. తాతయ్య నోరు మూసుకుని నిలబడ్డాడు. అప్పుడు అక్క గోండిలో ఏదో గట్టిగా అంది.

హీరోగారికి ఏమీ అర్థం కాలేదు. "ఏమంటున్నవ్ తమ్మీ? జర తెలుగుల జెప్పు."

"నువ్వే మా మాట నేర్సుకో," అంది అక్క. "మా జాగల కొచ్చినోడివి నువ్వు."

గది గొల్లుమంది. కానీ సినిమా సినిమాయే, తాతయ్య ఎన్ని మాటలిచ్చినా ఆ మనిషి ఇంకాసేపట్లో పడతాడు. పడ్డాడు కూడా. అన్నల్లో ఒకడు ఠాం అనడానికి నోరు తెరిచేలోపు అక్క లేచి నిలబడింది.

"ఆయన మా చిన్నాయన. పడలే, దిగిండు. గుర్రానికి నీళ్లు తాపాలె."

మరొకడు పడ్డాడు. ఈసారి నాయనమ్మ గడప మీది నుంచి, "ఈయన పెద్దాయన, నడుం నొస్తదని దిగిండు," అంది. తర్వాత పడ్డవాళ్లకు పిల్లలే పోటీలు పడి పేర్లు పెట్టారు. ఒకడి చెప్పు తెగింది, ఒకడికి ఇంట్లో బువ్వ చల్లారిపోతోంది. అందరూ దిగేశాక హీరో అలవాటు ప్రకారం గిటారు తీశాడు. తాతయ్య కీర్తన అందుకోబోయాడు.

"గంత మందిని కింద పడేసి పాడుడేంది తాతా? వీనికి పాటెట్లొస్తది?" అంది అక్క.

తాతయ్య ఆగిపోయాడు. అన్నేళ్లుగా ఆ హీరో చేత పాడించిన మనిషి, ఆ రోజు వాణ్ణి తెర మీద ఊరికే నోరాడించుకోమని వదిలేశాడు. చూస్తే, పాట లేకుండా అతను కాస్త వెర్రివాడిలా కనిపించాడు.

సాయంత్రం జీపు వచ్చేసరికి సందులో అన్నలు కొట్టుకుంటున్నారు. గుట్ట మీది మనిషి వేషం నాకంటే నాకని. అక్క సంచీ జీపులో పెట్టి, వాళ్ల బాపుతో అంది: "రేపొక్కరోజే ఉంట. మంగళారం బడికి దింపాలె, లేటు చెయ్యకు."

నన్ను చూసి, ఆ ఒక్కరోజూ జడ సరిగ్గా దువ్వుకొమ్మని హెచ్చరించి వెళ్లింది. అన్నట్టే మంగళవారం తిరిగి వచ్చింది.

బడిలో ఠాం అనడం ఒక్క రోజులో ఆగలేదు, మాది సినిమా కాదు కదా. అయితే ఎవడైనా అన్నప్పుడల్లా అక్క ఆగి, వాడి దగ్గరికి నడిచి, "నీ పేరేంది?" అని అడిగేది. పేరు చెప్పి, మనిషి ముఖంలోకి చూశాక, మళ్లీ ఠాం అనడం అంత తేలిక కాదు. పరీక్షలొచ్చేసరికి అనేవాళ్లు మిగల్లేదు.

ఆ పాత సినిమాల మీద నాకిప్పటికీ ప్రేమ పోలేదు. తెల్ల గుర్రం కనిపిస్తే కూర్చుండిపోతాను. కానీ వెనకాల ఎవరైనా పడ్డారంటే అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, అతనెవరో, ఏ పని మీద బయల్దేరాడో తేల్చుకున్నాకే ముందుకు కదులుతాను. ఇంట్లో వాళ్లు మొదట విసుక్కున్నారు. ఇప్పుడు నాకంటే ముందు వాళ్లే ఆపుతున్నారు. ఈ మధ్య చూసిన ఏ సినిమా ఎలా ముగిసిందో మాకెవరికీ తెలియదు, అంత దూరం మేమెప్పుడూ వెళ్లలేదు.