ఎడమవైపు రెండు చక్రాలు

కిందటి వేసవిలో నాన్న కొన్న సెకండ్ హ్యాండ్ కారులో ఆయనకు అన్నిటికన్నా నచ్చినవి దాని అలాయ్ చక్రాలు. బలిఘట్టం గుడికి కారును పూజకు తీసుకెళ్లాల్సిన రోజు ఉదయం చూస్తే ఎడమవైపు రెండూ మెరుపు పోయి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ముందురోజు కారు కడిగిన వాటర్ సర్వీసింగ్ అతన్ని నాన్న ఇంటికే పిలిపించారు.

"ఏటయ్యా, ఏ యాసిడ్ ఎట్టి కడిగినావు? ఇంక నీ దగ్గరికి ఎవరూ బండి తేకుండా సేస్తాను."

"షాంపూ నీళ్లే కొట్టానండీ బాబూ. యాసిడ్ ఎట్టుంటే నాలుగూ పోవాలి కదండీ!"

అతని మాట నాకు నిజమనిపించింది. కానీ నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. చక్రం దగ్గర కూర్చుని చూశాను. గీతలన్నీ గుండ్రంగా, చెంబు తోమినట్టున్నాయి. బోల్టు గుంటలో చింతపండు పీచు ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి నాన్న అరచేతిలో పెట్టాను. ఆయన అరుగు మీదున్న నాన్నమ్మ వైపు తిరిగారు.

"నానే తోమినాన్రా," అంది నాన్నమ్మ మెల్లగా. "దేవుడి దగ్గరికెళ్లే బండి కదా, పూజ సెంబుల్లాగ మెరవాలని సింతపండూ బూడిదా ఎట్టి తోమాను. నడుం పట్టేసింది, రెండే అయ్యాయి."

నాన్న అరచేతిలోని పీచు దులిపేసుకున్నారు. తర్వాత సర్వీసింగ్ అతని భుజం మీద చెయ్యి వేసి, "తప్పు మాదేనయ్యా, ఏటీ అనుకోకు," అన్నారు.

"అమ్మగారి నడుం రెండు చక్రాలకే బేగి పట్టేసింది, అదే మీ అదృష్టమండీ," అన్నాడతను.

ఆ మాటకు అందరికన్నా ముందు నాన్నమ్మే నవ్వింది.