పద్నాలుగా, పదిహేనా

మలేషియాలోని తైపింగ్‌లో మా వీధి చివరి ఇల్లు యియో కిమ్ హువాట్‌ది. కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. నలభై దాటాక రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. పక్క సీట్లో అక్క గియోక్ లాన్ తప్ప ఎవరూ కూర్చోలేదు. ఆదివారాలు ఇద్దరూ సముద్రం వైపు వెళ్ళి, రొయ్యల నూడుల్స్ తిని వచ్చేవారు.

కారువి పద్నాలుగు అంగుళాల చక్రాలు. పదిహేనువి వేసి, వెడల్పు టైర్లు తొడిగితే మలుపుల్లో రోడ్డును కరుచుకుని పోతుందని ఆయన ఆశ. చక్రాలు కొని కూడా తెచ్చాడు.

"చక్రం పెద్దదైతే టైరు పక్కగోడ పొట్టిదవుతుందిగా. గుంతలన్నీ నా నడుముకే తగుల్తాయిరా" అంది అక్క. ఆమెకు ఎప్పటినుంచో నడుంనొప్పి. కొత్త చక్రాలు సామాన్ల గదిలోకి పోయాయి.

నిరుడు ఆమె నిద్రలోనే పోయింది. కారు షెడ్డులోనే నిలబడిపోయి టైర్లు బీటలు వారాయి. చివరికి ఒకరోజు టైర్ల కొట్టు రొస్లీ దగ్గరికి వెళ్ళాడు.

"అంకుల్, ఈ సైజు ఇప్పుడెవరూ అడగట్లేదు. పినాంగ్ నుంచి తెప్పించాలి. పదిహేనుకి మారిపోండి. 195/50 సైజు టైరు వేస్తే బయటికి చక్రం ఎత్తు దాదాపు పాతదే, స్పీడు మీటరులో తేడా రాదు" అన్నాడు రొస్లీ.

"ఆ చక్రాలు ఇంట్లో ఉన్నాయి."

"ఇన్నాళ్ళూ దాచారా? పిల్లలు పెడతాయనుకున్నారా ఏంటి?"

కిమ్ హువాట్ నవ్వలేదు. చక్రాలు తెచ్చి బిగించుకున్నాడు.

ఆదివారం కారు ఆయన కలగన్నట్టే పోయింది. మలుపులో ఎక్కడా జారలేదు. వంతెన అతుకు దగ్గర దడేల్మంది. "చూసుకో" అన్నాడు; ఎడమ చెయ్యి ఖాళీగా ఉన్న పక్క సీటు మీదికి పోయింది. ఇక వద్దనే మనిషి లేదు. ఆ స్వేచ్ఛ ఆయనకు నోట్లో మన్నులా ఉంది. నూడుల్స్ సగంలో వదిలేసి తిరిగొచ్చాడు.

మర్నాడు మళ్ళీ కొట్టుకు వెళ్ళాడు. "పాత సైజే తెప్పించు."

"ఎందుకు? నడుం పట్టేసిందా?"

"నాది కాదు."

ఆయన అక్క నడుంనొప్పి సంగతి రొస్లీకి అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ తీసి పినాంగ్‌కు చెప్పాడు.

టైర్లు వచ్చాక పాత చక్రాలకు తొడిగి, "స్టీరింగ్ వణుకుతుందేమో చూద్దాం, నేనూ ఎక్కుతా" అన్నాడు. కిమ్ హువాట్ కాసేపు తటపటాయించి తలుపు తీశాడు. రొస్లీ పొడగరి. మోకాళ్ళు పట్టక సీటును బర్రున వెనక్కి జరిపాడు. ఊరి చెరువు చుట్టూ వర్షంలో ఒక చుట్టు తిరిగారు. కారు మెత్తగా పోయింది, వణుకు లేదు.

ఇంటికొచ్చాక కిమ్ హువాట్ వంగి, ఆ సీటును ముందుకు జరిపాడు. అక్క కూర్చునేటప్పుడు సీటు ఏ గాడిలో ఉండేదో గుర్తురాలేదు. ఒక గాడి వెనక్కి, మళ్ళీ ఒకటి ముందుకు, చాలాసేపు జరుపుతూనే ఉన్నాడు.