ఓబులమ్మ బొమ్మకు నీళ్లు చాలలేదు

రోజూ ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముఖచిత్రం వేయాలని పంతం పట్టాను. ఈ కరువులో అనంతపురంలో మనుషులు దొరుకుతున్నారు గానీ, రంగులు కలపడానికి నీళ్లే దొరకడం లేదు.

ఈ రోజు మధ్యాహ్నం రాప్తాడు వైపు నుంచి కూలి వెతుక్కుంటూ నడిచొచ్చిన ఓబులమ్మ మా అరుగు మీద కూలబడింది. బొమ్మ వేస్తానంటే సరేనంది. ఇంట్లో మిగిలిన చెంబుడు నీళ్లు పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. నుదురు, కళ్లు పూర్తయ్యాయి. ఆమె చూపు మాత్రం చెంబు మీదే ఉంది.

"ఏమప్పా, ఆ నీళ్లు బొమ్మకేనా, మనిషికి గూడా ఇస్తావా?" అంది.

సిగ్గుతో చెంబు అందించాను. సగం తాగి, బలవంతాన ఆపుకుని, తిరిగి నా ముందు పెట్టింది.

"చాలప్పా. మిగిలినవి ఆ బొమ్మలో నా మొగానికి పెట్టు. అదీ ఎండిపోతాండాది."

కుంచె ముంచడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ సగం కూడా ఆమె చేతే తాగించి పంపాను.

సాయంత్రం నా భార్య ఊరంతా తిరిగి ఖాళీ బిందెతో వచ్చింది. "చెంబులో నీళ్లు యాడ?" అని అడిగింది. నోరు వేయని ఆ బొమ్మ చూపించాను. ఆమె ఖాళీ బిందె పక్కన పెట్టి, గడప మీద కూర్చుండిపోయింది.

మీరైతే ఏం చేసేవారో చెప్పండి.