ముంతజిమ్ సాబ్ ప్రమాణం, మా జీతాల అర్జీ

1939లో నన్ను పత్తర్‌గట్టి దాటాక మూసీ వైపున్న ఒక దీవానీ అదాలత్‌లో, అంటే సివిల్ కోర్టులో, నకల్‌నవీస్‌గా వేశారు. మిసిల్ అంటే కేసు ఫైలు. అందులోని కాగితానికి ఎవరైనా నకలు కోరితే అక్షరం తేడా రాకుండా ఉర్దూలో దింపి, ముద్ర వేయించి ఇవ్వడం నా పని. హోదాకు మేం అహల్కార్లం, అంటే గుమాస్తాలం. ఇప్పుడు సెక్రటేరియట్ అంటున్నామే, అప్పట్లో దాన్ని మోతమది అనేవాళ్లం. అక్కడి గుమాస్తాలూ అహల్కార్లే. పాసైన పరీక్ష ఒకటే, తొడుక్కునే షేర్వానీ ఒకటే. జీతం మాత్రం వాళ్లకు మాకన్నా ఒకటిన్నర రెట్లు.

రెండేళ్లు ఓపిక పట్టి, సమానంగా ఇప్పించమని మేమంతా కలిసి అర్జీ పెట్టుకున్నాం. మోతమదిలోని ఆర్థిక శాఖ నుంచి వచ్చిన తిరస్కరణ కింద గోపాల్‌రావు గారి సంతకం ఉంది. ఆయన అక్కడ ముంతజిమ్, అంటే గుమాస్తాల మీద అజమాయిషీ చేసే అధికారి. "కోర్టు అహల్కార్లకు ఇప్పుడు ముట్టే జీతం, ఇజ్జత్‌గా బతికే కుటుంబానికి సరిపోగా మిగులుతుంది" అని రాశారు. మిగులుతుందట! నాకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడిని బడి మాన్పించాలన్న మాట మా ఇంట్లో అప్పటికే నడుస్తోంది. ఆ కాగితం చదివితే ఒళ్లు మండిపోయింది.

మండడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది నాకొక్కడికే తెలుసు. అంతకు నెల ముందు ఇంటి యజమాని అద్దె పెంచాడని ఆ గోపాల్‌రావు గారే మా కోర్టుకు వచ్చారు. హలఫ్‌నామా, అంటే ప్రమాణపత్రం, దాఖలు చేశారు. "మోతమదిలో నాకు ముట్టే జీతంతో, ఇజ్జత్‌గా బతికే కుటుంబానికి నెల గడవడం అసాధ్యం" అని అందులో దేవుడి మీద ఒట్టేసి చెప్పారు. ఆ మాట మీదే కేసు గెలిచారు కూడా. ఓడిన యజమాని నకలు అడిగితే రాసిచ్చింది నేనే.

కోర్టు ఉద్యోగి మిసిల్‌లో చూసింది బయట పెడితే నౌకరీ పోతుంది. కానీ తీర్పు అయిపోయిన కేసులో ప్రమాణపత్రానికి నకలు కావాలని, సంబంధం లేనివాడు కూడా కారణం రాసి, స్టాంపు అంటించి అడగొచ్చు. ఇవ్వడం ఇవ్వకపోవడం మున్సిఫ్ గారి, అంటే మా కోర్టు జడ్జి గారి, ఇష్టం. అందుకని నేను ఒకరోజు సెలవు పెట్టి, షేర్వానీ ఇంట్లో వదిలి, ధోవతి కట్టుకుని, రోజూ నేను లోపల కూర్చునే కిటికీ ముందు వరసలో నిలబడ్డాను.

లోపల సత్తార్ భాయ్ ఉన్నాడు. రెండేళ్లుగా నా పక్కనే కూర్చుని రాస్తున్న మనిషి. తల ఎత్తకుండా "పేరు?" అన్నాడు.

"నేనే భాయ్."

"నేనే అని రిజిస్టర్ల రాయమంటవా? పేరు, బాపు పేరు, మకాం. జల్ది చెప్పు, ఎనుక జనం ఉన్నరు."

పాలు పోసే మల్లయ్య కొడుకునని, మకాం శాలిబండ అని చెప్పుకున్నాను. కారణం గడిలో నేను రాసింది ఒకటే ముక్క: "జీతాల అర్జీకి జతపరచడానికి." అది చదివి అప్పుడు తల ఎత్తాడు. "మస్తుగున్నది గని, నౌకరీ ఊడితే పిల్లలకు ఏం పెడ్తవ్?" అని గొంతు తగ్గించి అడిగాడు. నేను కాగితం వెనక్కి తీసుకోలేదు.

మున్సిఫ్ గారు లోపలికి పిలిపించారు. నా ధోవతినీ దరఖాస్తునూ రెండుసార్లు చూసి, కోర్టు నౌకరుగా అడుగుతున్నావా, రయ్యత్‌గానా, అంటే మామూలు జనంలో ఒకడిగానా అన్నారు. "ఇయ్యాల సెలవు మీదున్న హుజూర్" అన్నాను. ఆయనకు వచ్చింది దగ్గో నవ్వో నేను చెప్పలేను. తన సంతకం నకలును కాపాడుతుందే గాని నన్ను కాపాడదని హెచ్చరించి, మంజూరు అని రాశారు. అడిగినవాడే రాసుకుంటే చెల్లదు గనుక నకలు సత్తార్ భాయ్ రాశాడు. అంత అందమైన దస్తూరీ ఆయన ఏ జాగీర్దారు తీర్పుకూ పెట్టి ఎరగడు.

రెండో అర్జీ వేసి దానికి ఆ నకలు జతచేశాం. విచారణకు ముగ్గురు అధికారులు కూర్చున్నారు. గోపాల్‌రావు గారు ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డారు. ముగ్గురిలో పెద్దాయన ముందు తిరస్కరణ పైకి చదివారు, తర్వాత ప్రమాణపత్రం. రెండింటి కిందా సంతకాలు చూసి, రెండింటిలో ఏది నిజమని అడిగారు.

గోపాల్‌రావు గారు తొణకలేదు. "రెండూ నిజమే సర్కార్. దాంట్ల నా ఇంటి సంగతి చెప్పిన. దీంట్ల వీళ్ల ఇండ్ల సంగతి చెప్పిన" అన్నారు.

గేటు దాటేదాకా నవ్వు ఆపుకోవడం మా వల్ల కాలేదు. లాడ్ బజార్ మూల మీద చాయ్ తాగుతూ సత్తార్ భాయ్ ఆయన నిలబడ్డ తీరు అభినయించి చూపిస్తే, చాయ్ సగం నా షేర్వానీ మీదే ఒలికింది.

తేడాలో సగం మంజూరైంది. మా పెద్దవాడు బడి మానలేదు. నకలు చెల్లదని ఎవరూ అనలేదు గాని, నన్ను మాత్రం పరిపాలనా అవసరం కింద ఒక జిల్లా కోర్టుకు పంపించారు. నాలుగేళ్లు అక్కడే ఉన్నాను.

1946లో మున్సరిమ్‌గా, అంటే కోర్టు గుమాస్తాలందరికీ పెద్దగా, పట్నం తిరిగి వచ్చాను. వచ్చిన కొత్తలోనే మా చప్రాసీలు, అంటే బంట్రోతులు, అర్జీ పెట్టుకున్నారు, మోతమది చప్రాసీలతో సమానంగా జీతం ఇప్పించమని. దాని మీద నా అభిప్రాయం అడిగారు. "ఇప్పుడు ముట్టేది వీళ్లకు సరిపోతుంది" అని రాసి సంతకం పెట్టాను. చేయి ఎక్కడా ఆగలేదు. ఆ కాగితం మోతమదికి మోసుకుపోయింది కూడా మా చప్రాసీయే. సాయంత్రం ఇంటికి పోతూ దారిలో ఏం రాశానో తోచి సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు వాపసు తెప్పించుకుందామని చూస్తే అర్జీ అప్పటికే కొట్టేశారు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇంతే. ఒకరి జీతం చాలుతుందో లేదో తేల్చే పని ఎవరికి అప్పగించినా, ముందు ఆయన సొంత జీతం గురించి ఆయన చేత ప్రమాణం చేయించాలి. నా ప్రమాణపత్రం ఏ మిసిల్‌లోనూ లేదు. అందుకే నా మాట చెల్లింది.