తలుపుకి అటు మామగారు, ఇటు నేను

మొన్న మంగళవారం పొద్దున, కల్లంలో ఆరబోసిన మిరపకాయలు తిరగేస్తూ మా మామగారు కూలబడిపోయారు. పొదిలి ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్న ఈ క్షణానికీ అది తగ్గలేదు.

పలకరింపుకి వచ్చినవాళ్ళంతా ఒకటే పాట. "ఎంత శాంతమూర్తి! ఎవర్నీ పల్లెత్తు మాట అనేవాడు కాదు." ఎవరండీ శాంతమూర్తి? ముక్కు మీద కోపం ఆయనకి. కూరలో ఉప్పు తక్కువైతే కంచం అవతలికి నెట్టేవారు, ఎక్కువైతే గిన్నెతో సహా నెట్టేవారు. పోయినంత మాత్రాన మనిషిని మార్చేస్తారా? పదేళ్ళు ఆయనతో పోట్లాడినదాన్ని, ఆయన్ని ఆయనలాగే తలుచుకునే హక్కు నాకుంది.

పదేళ్ళ కిందట నేను కాపురానికి వచ్చాను. అత్తగారు అప్పటికే లేరు. ఇంట్లో మామగారు, మా ఆయన, మామగారి గండుపిల్లి. గండు ముందుగదిలో పత్తి కుక్కిన బోరేల మీద పడుకునేది, ఎలుకల పాలిటి యముడు. నేను గుంటూరులో పెంచుకున్న తెల్లపిల్లి మల్లిని బుట్టలో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాను. బుట్ట మూత తీశానో లేదో, గండు దాని మీద పడింది.

"మేం మేపేది చాలక ఇంకోటా?" అన్నారు మామగారు. వారం తిరిగేసరికి నాకూ నోరు లేచింది. "మీరు పిల్లికి కూడా బిచ్చం పెట్టరని ఊరంతా అంటుంటే ఏమో అనుకున్నాను, నిజమే!" అన్నాను. అలా మొదలైంది మా కాపురం.

మా ఆయనది మెత్తటి మనసు. ఊళ్ళో అన్నదమ్ములు కొట్టుకుంటే పెద్దమనుషులు ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం తినిపిస్తారు కదా, తనూ అదే చేశారు. ఒకే పళ్ళెంలో పాలు పోసి, రెండిటినీ మెడలు పట్టి కూర్చోబెట్టారు. మల్లి చెవి చీలిపోయింది. విడదీయబోతే గండు పళ్ళు నా మణికట్టులో దిగాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

"ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవే" అంటూ మా ఆయన గోనెసంచి తెచ్చారు. మల్లిని కనిగిరి రోడ్డులో ఎక్కడో వదిలేసి వస్తారట!

"దాంతోపాటు నన్నూ ఆ సంచిలో కట్టండి" అని అరిచాను.

గొడ్ల చావిడిలోంచి వచ్చి ఆ సంచి లాక్కున్నది మామగారే. "ఏరా, నా కడుపున పుట్టి జత కుదర్చడం తెలీదంట్రా నీకు?"

ట్రాక్టర్లు రాకముందు, చుట్టుపక్కల ఎవరు కొత్త కోడెల్ని కొన్నా మామగారి దగ్గరికే తోలుకొచ్చేవారట. కుమ్ముకునే కోడెల్ని ఒకదానికొకటి కనబడేలా, కొమ్ము మాత్రం అందకుండా కట్టేవారు. ఒకే వేళకి మేత వేసేవారు. రోజుకో మూర దగ్గరికి జరిపేవారు. కాడి ఎత్తడం అన్నిటికన్నా ఆఖర్న.

"కలిపితే కలవవమ్మాయ్. కలవనిస్తే కలుస్తాయి" అన్నారు నాతో.

గండు ముందుగదిలో, మల్లి లోపలిగదిలో. మధ్యతలుపు గడియ పెట్టారు. దీని గోనెపట్టా దానికి, దానిది దీనికి రోజూ మార్చేవారు, ముందు వాసన అలవాటు కావాలని. తలుపుకి అటువైపు గండు గిన్నెతో ఆయన, ఇటువైపు మల్లి గిన్నెతో నేను. ఆయన రెండుసార్లు తలుపు తడితే ఇద్దరం ఒకేసారి గిన్నెలు కింద పెట్టాలి. మొదట తలుపుకి దూరంగా, తర్వాత రోజురోజుకీ దగ్గరగా.

ఎదురుపడితే కస్సుబుస్సుమనే మాకు, తలుపు అడ్డం ఉంటే మాటలొచ్చేవి. అత్తగారు పోయే ముందు ఏం తినాలనుందని అన్నారో ఆయన చెప్పారు. డిగ్రీ ఆఖరి పరీక్ష తప్పానని నేను చెప్పాను. మా ఆయనక్కూడా చెప్పని మాట అది.

"మళ్ళీ రాయి. గుంటూరు నేను తీసుకెళ్తా" అంది తలుపు అవతలి గొంతు. తీసుకెళ్ళారు కూడా. దారంతా బస్సు కిటికీ కోసం నాతో పోట్లాడుతూనే.

నాకు ఓపిక తక్కువ. ఇరవయ్యో రోజున ఆయన చూడకుండా తలుపు తీసేశాను. రెండూ బంతిలా చుట్టుకుపోయాయి. నేను కేకలు. ఆయన పరుగున వచ్చి మధ్యలో గోనెపట్టా విసిరి విడదీసి, ఇంటికప్పు ఎగిరేలా అరిచారు. "ముందు నీ గొంతు తగ్గించు! నువ్వరిస్తే ఆ బెదురు ఎదుటి పిల్లి వల్లే వచ్చిందనుకుంటాయవి. ఈ ఇంట్లో రెండు కాదు, మూడు పిల్లులున్నాయి!"

"నాలుగు" అన్నాను.

ఆయన నవ్వడం చూసింది అప్పుడే మొదటిసారి. మర్నాటి నుంచి మళ్ళీ మొదటికొచ్చాం.

నెలన్నర పట్టింది. ఆఖరికి తలుపు జానెడు తెరిచి, ఇటుక అడ్డం పెట్టారు. గండు ముక్కు ఎగబీల్చి, మల్లిని చూసి, మళ్ళీ తన గిన్నెలో తల పెట్టేసింది. మామగారు ఆ తలుపు గడియ ఊడదీసి అటక మీదికి విసిరేశారు. ఆ పిల్లులేమీ ప్రాణస్నేహితులు కాలేదు. ఒకటి బోరేల మీద, ఒకటి కిటికీలో. ఆయన లెక్కలో అది చాలు. "జతంటే ముద్దులాడుకోవడం కాదమ్మాయ్, కుమ్ముకోకుండా నడవడం."

పోయిన శనివారం గుండెలో మంటగా ఉందన్నారు. గుంటూరు వెళ్ళి చూపించుకుందాం రమ్మన్నాను. "కాయలు ఎండనీ, పోదాం" అన్నారు. బతిమాలాను, కసిరాను, ఆఖరికి నోరు జారాను. "మీ ఇష్టం. చస్తే నాకేం!"

ఆయన కంచం అవతలికి నెట్టి లేచిపోయారు. ఆ తర్వాత మాటల్లేవు. మాకు అలవాటేగా! ఏ చారులోనో వంక దొరికితే ఆయనే అరుస్తారు, నేనూ అరుస్తాను, అంతటితో సరి అనుకున్నాను. మంగళవారం దాకా ఆయన అరవలేదు. ఎంత అన్యాయం! అరవడానికి ఆయనకి ఎన్నడైనా ముహూర్తం కావలసి వచ్చిందా?

ఆయన్ని ముందుగదిలో పడుకోబెట్టారు. గండు పోయి రెండేళ్ళయింది. ముసలిదైపోయిన మల్లి లోపలి నుంచి మెల్లగా వస్తుంటే మామగారి అక్క గొంతు చించుకుంది. "శవాన్ని పిల్లి దాటకూడదు! తలుపెయ్యండే!" గడియ లేదుగా, ఎవరో మల్లిని లోపలికి తోసి, తలుపు దగ్గరికి వేసి, మిరపకాయల టిక్కీ బస్తా ఒకటి అడ్డం జరిపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తలుపు మూయడానికి వీళ్ళెవరు? అవతల మల్లి గోళ్ళతో తలుపు గీరుతోంది. అరవబోయి, గొంతు తగ్గించుకున్నాను. అందరూ చూస్తుండగా వెళ్ళి ఆ తలుపు దగ్గర, మామగారు కూర్చునే చోట కూర్చున్నాను. పదేళ్ళలో నేనెప్పుడూ అటువైపు కూర్చోలేదు.

రెండుసార్లు తట్టాను. గీరడం ఆగింది.

నా వెనక మామగారు ఏమీ అనలేదు.