కెమెరా కంటికి పెట్టిన బొట్టు

మొన్న హనుమకొండలో డాక్టరమ్మ నా మోకాలి ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసేసరికి, మోకాలి సంగతి పక్కకు పోయి నాకు పాత గుబులొకటి గుర్తుకొచ్చింది. రీలు కడగడానికిచ్చి, ఫోటోలు ఎలా వస్తాయోనని రోజులు లెక్కపెట్టుకున్న మా ఈడు వాళ్ళకు ఆ గుబులేమిటో వేరే చెప్పనక్కర్లేదు.

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన ఏడు, టైఫాయిడ్ నుంచి బయటపడ్డ చెల్లెలి పేర మేడారం జాతరలో వనదేవతలైన తల్లులకు నిలువెత్తు బంగారం, అంటే దాని బరువుకు సరితూగే బెల్లం, ఇస్తానని అమ్మ మొక్కుకుంది. కాలు విరిగి మంచం పట్టిన బాపు, తక్కెడలో కూర్చున్న బిడ్డను ఫోటోలోనైనా చూస్తానని అడిగితే, పరకాల పోయి బావ కెమెరా అడిగి తెచ్చాను. బావ వంద జాగ్రత్తలు చెప్పాడు గానీ, మా అమ్మ సంగతి ఆయనకు తెలియదు. బస్సెక్కే ముందు చెల్లెలికి, బెల్లం మూటకు బొట్టు పెట్టిన అమ్మ, ఇదీ తల్లుల దగ్గరికి వచ్చేదే కదా అని, నేను చూడకుండా కెమెరాకూ తడి పసుపు బొట్టు పెట్టింది, అదీ సరిగ్గా ముందున్న అద్దం నడిమధ్యలో. ఆ కెమెరాలో మనం చూసే అద్దం వేరు, బొమ్మ పట్టే అద్దం వేరు కావడంతో, రీలంతా అయిపోయి ఇంటికొచ్చాక గాని ఆ మరక నా కంట పడలేదు.

కలరు రీలు కాబట్టి హైదరాబాదు పంపి కడిగించాలి, వారం పడుతుందన్నాడు స్టూడియో ఆయన. ఆ వారం నాకు అన్నం సహించలేదు. నేను గడప తొక్కగానే బాపు రోజూ "అచ్చినయా బిడ్డా?" అని అడిగేవాడు. అమ్మకు చెబితే మొక్కుకే దోషమొచ్చిందని కుమిలిపోతుందని భయం. నాలుగో రోజు ఉండబట్టలేక, అమ్మ నీళ్ళకు పోయినప్పుడు బాపుకు చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "ఫికర్ చెయ్యకు, అమ్మకు చెప్పకు, ముందుగాల రానియ్యి" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఫోటోలు రానే వచ్చాయి. అన్నీ పసుపు మసకే. తక్కెడ ఉందని తెలుస్తోంది, అందులో ఒక పిల్ల ఉందనీ తెలుస్తోంది, అది మా చెల్లెలని మాత్రం మేమే చెప్పుకోవాలి. అమ్మ నా భుజం మీదుగా తొంగి చూసి "గిట్ల మసకగున్నయేందిరా?" అంది. నేను నోరు తెరిచేలోపే బాపు ఫోటో అందుకుని, "జాతరల పసుపు గట్లనే లేస్తది. నేను పోయచ్చినట్టే ఉన్నది" అన్నాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. తల్లుల పసుపు పడ్డ ఫోటోలని వాడంతా తిప్పి చూపించింది, పోయేదాకా అలాగే నమ్మింది. బాపు మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు ఫోనులో తీసిన బొమ్మ తీసినప్పుడే కనబడుతుంది, బాగా లేకుంటే అక్కడికక్కడే తీసేసి ఇంకొకటి తీసుకుంటాం. మంచిదే, ఆ వారం రోజుల గుబులు పగవాడికి కూడా వద్దు. ఆనాడు నా చేతిలో ఈ ఫోనే ఉంటే మరక తుడిచి చెల్లెలి ముఖం స్పష్టంగా తీసుకొచ్చేవాణ్ణి, బాపు కళ్ళారా చూసుకునేవాడు, అంతటితో అయిపోయేది. అమ్మ మనసు నొవ్వకుండా ఆయన తన ఆశను ఎలా దిగమింగుకున్నాడో చూసే భాగ్యం మాత్రం నాకు దక్కేది కాదు.