యామిని ‘బబబ’ అన్న రోజు

కరోనా తగ్గి, జనం బయటివాళ్లను మళ్లీ ఇళ్లలోకి రానిస్తున్న ఏడాది అది. తిరుపతిలో పసిపిల్లల భాష మీద పనిచేసే ఒక పరిశోధన బృందంలో నేను అప్పుడే చేరాను. నేను చదివింది స్పీచ్ అండ్ హియరింగ్, అంటే మాటలోనూ వినికిడిలోనూ ఉండే లోపాలను గుర్తించి సరిదిద్దే చదువు. మా బృందం పని మాత్రం లోపాలు వెతకడం కాదు. మామూలు పిల్లలు మొదటి మాటకు ముందు ఏయే శబ్దాలు చేస్తారు, ఇంట్లో రెండు భాషలుంటే అవి ఎలా మారతాయి అన్నది తెలుసుకోవడం. తెలుగు, తమిళం రెండూ వినిపిస్తాయి కాబట్టి తమిళనాడు సరిహద్దులోని నగరిని ఎంచుకున్నాం.

అగ్గిపెట్టెంత రికార్డరును బిడ్డ గౌను జేబులో పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలేస్తాం. తర్వాత ల్యాబ్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని బిడ్డ చేసిన ప్రతి శబ్దాన్నీ రాసుకుంటాం. మేం ముఖ్యంగా వెతికేది కెనానికల్ బాబ్లింగ్. అప్పటిదాకా ‘ఆ’, ‘ఊ’ అని రాగాలు తీసే బిడ్డ, ఏడెనిమిది నెలలు వచ్చేసరికి హల్లునూ అచ్చునూ కలిపి ‘బబబ’, ‘దదద’ అంటుంది. మాటకు అదే పునాది. పది నెలలు దాటినా అది రాకపోతే ఎందుకో చూడాలి.

అక్కడ మేం చేర్చుకున్న పిల్లల్లో ఒకరు యామిని. తనకు అప్పుడు పదకొండో నెల. తండ్రి మునిరత్నం ఇంటి వెనక షెడ్డులో పవర్‌లూమ్ మగ్గాలు నడిపేవాడు. తల్లి కల్పన తిరుత్తణి వైపు నుంచి వచ్చిన కోడలు. నాయనమ్మ గోవిందమ్మ. మగ్గాలు తిరుగుతున్నంతసేపూ ఆ ఇంట్లో ఎవరూ నోటితో మాట్లాడరు, మాట్లాడినా వినబడదు. కల్పన గుమ్మంలో నిలబడి పిడికిలి నోటి దగ్గరికి తెస్తే కాఫీ తాగుతావా అని. మునిరత్నం అరచేయి ఊపితే తర్వాత అని. యామిని కూడా అంతే. వేలు చాచి చూపించి, తల ఊపి, కావలసింది తెప్పించుకునేది. కళ్లతో అందరినీ వెంటాడే చురుకైన పిల్ల.

మొదటి రికార్డింగులో మగ్గాల సద్దు తప్ప ఏమీ లేదు. ఆ ఇంటిని వదిలేద్దామన్నారు మా ప్రొఫెసర్. లైను మరమ్మతుకని కరెంటు తీసి, మగ్గాలు ఆగే రోజున ఇంకొక్కసారి ప్రయత్నిస్తానని బతిమాలాను. సరేనన్నారు.

ఆ రెండో రికార్డింగు అద్దంలా ఉంది. యామిని గొంతు స్పష్టంగా వినిపించింది. నవ్వింది, కేకలు పెట్టింది, పొడుగ్గా ‘ఆ’ అని రాగం తీసింది. కానీ ఎక్కడా ఒక్క హల్లు లేదు. వినలేని బిడ్డలు కూడా మొదట్లో ఇలా రాగాలు తీస్తారు. తన గొంతూ ఇతరుల గొంతూ చెవిన పడితేనే ‘బబబ’ వేళకు వస్తుంది.

మరునాడే నగరి వెళ్లి, పాపకు వినికిడి పరీక్ష చేయిద్దామని చెప్పాను. గోవిందమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“ఏం మాట మా అది? నేను ఇంట్లోకొస్తానే తిరిగి సూస్తాది బిడ్డ. చెవుడుంటే ఎట్ల సూస్తాది? మగ్గాల సద్దుకు అలవాటు పడి పిలిస్తే పట్టించుకోదు, అంతే.”

మునిరత్నం నన్ను పక్కకు పిలిచాడు. “బయట తెలిస్తే మూగదని పేరు పెడతారు మేడం. పెద్దయినాక కూడా ఆ పేరు పోదు.”

“ఇప్పుడే తెలిస్తే ఆ పేరు రాకుండా చూసుకోవచ్చు. ఆలస్యమైతే నా చేతిలోనూ ఉండదు,” అన్నాను.

అతను షెడ్డులోకి పోయి మగ్గాలు ఆపి వచ్చాడు.

కల్పన పాపకు ఎదురుగా కూర్చుని బొమ్మ ఆడించింది. గోవిందమ్మను పాప వెనకాల, నీడ పడనిచోట నిలబెట్టి పిలవమన్నాను. “యామినీ,” అంది ఆమె. తర్వాత కొంచెం గట్టిగా, “కన్నా, ఈడ సూడు.” పాప బొమ్మనే చూస్తోంది. మూడోసారీ పిలిచింది. తట్టుకోలేక ఒక అడుగు ముందుకు వేసింది. నేల మీద నీడ పడగానే యామిని గిరుక్కున తిరిగి నవ్వింది.

గోవిందమ్మ బిడ్డను ఎత్తి భుజాన వేసుకుంది. కొడుకుతో, “రేపే తిరుపతికి పోదాం పా, నాయనా,” అంది.

తిరుపతిలో ఏబీఆర్ పరీక్ష చేయించాం. నిద్రపోతున్న బిడ్డ నుదుటి మీదా చెవుల వెనకా చిన్న తీగలు అంటించి, చెవిలో శబ్దం వేసినప్పుడు మెదడు స్పందిస్తోందా లేదా చూసే పరీక్ష అది. రెండు చెవుల్లోనూ లోపం ఉంది. కానీ హియరింగ్ ఎయిడ్స్‌తో మాటలు అందుకోగలిగేంత వినికిడి మిగిలి ఉంది. “మగ్గాల వల్లనా?” అని మునిరత్నం నెమ్మదిగా అడిగాడు. ఇది పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చనీ, మగ్గాల సద్దు దాన్ని మనకు కనబడనివ్వలేదనీ డాక్టరు చెప్పారు. అతను కళ్లు తుడుచుకున్నాడు.

చెవి మిషన్లు పెట్టగానే పాప ఏడ్చి పీకేసింది. కొన్ని వారాలు అదే గొడవ. చివరికి గోవిందమ్మ పలచటి మల్లుగుడ్డతో, గడ్డం కింద ముడివేసే టోపీ కుట్టింది. పాప చేతులకు మిషన్లు అందలేదు. మునిరత్నం షెడ్డుకూ ఇంటికీ మధ్య మందపాటి తలుపు బిగించాడు.

“ఇంగ చేతుల్తో చెప్పకూడదా అక్కా?” అని కల్పన అడిగింది.

“చెప్పండి. చేత్తో చూపిస్తూనే నోటితోనూ చెప్పండి. పాపకు మాట్లాడటమంటే ఏమిటో మీ చేతులే నేర్పాయి. ఇక గొంతు కలిస్తే చాలు.”

ఎండాకాలం వెళ్లిపోయాక మళ్లీ రికార్డరు పెట్టాం. ల్యాబ్‌లో వింటున్నాను. మామూలు రాగం, నవ్వు, తర్వాత ఉన్నట్టుండి ‘బ’. కాసేపాగి ‘బబబబ’. వెంటనే గోవిందమ్మ గొంతు, “బబబనా? ఇంగా సెప్పు కన్నా, ఇంగా సెప్పు.” ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగి, పాప బదులిచ్చింది, ‘బబబ’.

హెడ్‌ఫోన్లు తీసేసి స్పీకర్లో పెట్టాను. పక్క గదుల్లోంచి అందరూ వచ్చారు. ఆ ఇంటిని వదిలేద్దామన్న ప్రొఫెసర్ నిలబడే విన్నారు. “మళ్లీ వెయ్యమ్మా,” అన్నారు. మళ్లీ మళ్లీ వేయించుకున్నారు.

కల్పనకు ఫోన్ చేశాను. “మాకు ముందే తెలుసక్కా,” అని నవ్వింది. “అత్త వీధంతా తిరిగి చెప్పి వచ్చినాది. మా ఆయనైతే ఆ పొద్దు షెడ్డుకే పోలా.”

యామిని మొదటి మాట ‘అవ్వ’. ఇప్పుడు బడికి పోతోంది. రెండు భాషల్లోనూ వాదనకు దిగుతుంది.

బిడ్డకు మాట రాకపోతే అందరం నోటివైపే చూస్తాం. ముందు చెవి సంగతి తేల్చాలని ఆ కేసు నాకు నేర్పింది. వినికిడి పరీక్ష చేయకుండా మా బృందం ఇప్పుడు ఏ బిడ్డనూ చేర్చుకోదు. నగరి మగ్గాల వీధుల నుంచి తల్లులు వాళ్లంతట వాళ్లే వస్తున్నారు. కొందరిని గోవిందమ్మే బస్సెక్కించి తీసుకొస్తుంది. వచ్చీ రాగానే నాకు చెప్పేది ఒకటే: “ముందు చెవులు సూడు మా. నీ రికార్డరు తర్వాత పెట్టుకుందువు.”